హారన్ కొట్టిన మలుపు

ఫిజీ నుంచి తిరిగొచ్చి తొమ్మిది నెలలైంది. ఎవరైనా అడిగితే సముద్రం గురించీ, కొబ్బరిపాలతో వండే కూరల గురించీ చెప్పి ఊరుకుంటూ వచ్చాను. కొండదారి మాట ఎత్తేవాణ్ణి కాదు. మా ఆవిడ వరాలు ఒకరోజు, "చెప్పలేకపోతే రాసీండి. మీరు దాచుకోడం నాకు కనబడతానే ఉంది" అంది. అందుకని రాస్తున్నాను.

నేను రచయితను కాను. ముప్పై ఒక్క సంవత్సరాలు సర్కారు బస్సు నడిపాను. అందులో పందొమ్మిదేళ్ళు పాడేరు ఘాట్ మీదే. పొగమంచు దిగి దారి కనబడనప్పుడు కూడా ఆ మలుపులు ఒక్కొక్కటీ నా ఒంటికి తెలిసేవి. ప్రమాదం లేకుండా నడిపినందుకు రెండుసార్లు శాలువా కప్పారు. ఆ గర్వం నాకుందని ముందే ఒప్పుకుంటున్నాను. లేకపోతే తరువాత జరిగింది మీకు అర్థం కాదు.

గోవింద్ అప్పన్న నాకు ఆ బస్సులోనే పరిచయమయ్యాడు. చెరుకు పొలాల్లో పనికి ఒప్పందం మీద ఫిజీ వెళ్ళిపోయిన ముత్తాత ఊరు వెతుక్కుంటూ చోడవరం వచ్చాడు. చేతిలో ఊరి పేరు తప్పుగా రాసిన కాగితం ఒకటి. డ్యూటీ దిగాక రెండు రోజులు ఆయనతో తిరిగాను. ఊరు దొరకలేదు. మా ఇంట్లో అన్నం తిన్నాడు. నన్ను "అన్నా" అన్నాడు, వరాలును వాళ్ళ ఫిజీ హిందీలో "భౌజీ" అన్నాడు, అంటే వదిన. వెళ్ళేటప్పుడు, "మీరు మా దేశం రావాలి. పహాడ్ రోడ్డు నేను చూపించేది" అన్నాడు, హిందీ కలిసిన తన తెలుగులో. పహాడ్ అంటే కొండ. నేను రిటైరైన రెండో ఏడు టిక్కెట్లు కొన్నాం. మా ఇద్దరికీ విమానం ఎక్కడం అదే మొదలు.

సువా

సువాలో మేమున్న రెండు రోజులూ వాన కురుస్తూనే ఉంది. అక్కడి బజారులో తక్కెడ కనబడదు. వంకాయలు, బెండకాయలు, చిలగడదుంపలు, అన్నీ కుప్పలు పోసి పెడతారు. కుప్ప రెండు డాలర్లు, మూడు డాలర్లు. ఆ కుప్పలోంచి ఒక్కటి తీసి పక్కన పెట్టి మరొకటి ఏరుకోబోయింది వరాలు. అమ్మే ఫిజీ ఆవిడ ఆ తీసిన వంకాయను మెల్లిగా మళ్ళీ కుప్ప మీద పెట్టింది. వరాలు సిగ్గుపడి కుప్పంతా కొనేసింది.

నేను చూసింది బస్సుల్ని. కిటికీలకు అద్దాలుండవు. వాన వస్తే టార్పాలిన్ దించుతారు. లోపల పాటలు హోరెత్తుతుంటాయి. డ్రైవర్ మాత్రం హారన్ ముట్టుకోడు. ముందు బండి ఆగితే తానూ ఆగుతాడు. అరగంట నిలబడి చూశాను, ఒక్క హారన్ వినబడలేదు. ఇక్కడివాళ్ళకి డ్రైవింగ్ అంత గట్టిగా రాదేమోననుకున్నాను.

గోవింద్ మమ్మల్ని తీసుకెళ్ళడానికి వనువా లేవు దీవి నుంచి సువా దాకా వచ్చాడు. బజారు చివర యంగోనా అమ్మే చోట ఒక వేళ్ళ కట్ట కొన్నాడు. అది ఒక మొక్క వేరు. దంచి నీళ్ళలో పిసికి తాగుతారు. "కొండమీద ఊరికి ఖాళీ చెయ్యి పోయేది లేదు అన్నా" అన్నాడు. మనవాళ్ళు పళ్ళో పూలో తీసుకెళ్ళినట్టేననుకున్నాను. అంతకంటే పెద్ద సంగతని తరువాత తెలిసింది.

వాయిలేవు

గోవింద్ ఇల్లు వనువా లేవు దీవిలో, లబాసా పట్నానికి దగ్గర వాయిలేవులో. చెక్క ఇల్లు, రేకు కప్పు. మెట్ల దాకా చెరుకే. గోవింద్ బడిలో ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాడు. ఇప్పుడు పొలం చూసుకుంటున్నాడు.

మనకి వింతగా తోచే సంగతి ఒకటుంది. పంట గోవింద్‌ది, భూమి ఆయనది కాదు. అక్కడ భూములు చాలావరకు ఫిజీ వంశాలవి. మనవాళ్ళు వాళ్ళ దగ్గర లీజుకి తీసుకుని మూడు తరాలుగా దున్నుతున్నారు. గడువు తీరాక మళ్ళీ ఇస్తారా లేదా అన్నది వాళ్ళ ఇష్టం. చుట్టుపక్కల ఖాళీగా ఉన్న ఇళ్ళు నాలుగు చూపించాడు. లీజు పోయి సువాకో, దేశం దాటో వెళ్ళినవాళ్ళవి. గోవింద్ గడువు మరుసటేడు తీరుతుంది. దీన్ని ఆయన వర్షం పడుతుందో లేదో చెప్పినట్టు చెప్పాడు.

ఆయన భార్య లీలావతి శనివారం భజనకి పాడే పుస్తకం తెచ్చి చూపింది. పాటలు తెలుగువి, అక్షరాలు హిందీవి. అర్థం తెలియకుండానే తల్లి నుంచి నేర్చుకుంది. ఒక పాట చూపించి, వచ్చీరాని తెలుగులో, "భౌజీ, ఇది ఏం చెప్తాది?" అని అడిగింది. వరాలు ఆమె చేత ఒకసారి పాడించుకుని వింది. అది తత్వం. ఊపిరి పోయిన ఒంటిని నలుగురూ మోసుకుపోవడం గురించి.

"మీరిది ఎప్పుడు పాడతారు?" అంది వరాలు.

"పిల్లల బర్త్‌డేకి" అంది లీలావతి.

అర్థం చెప్పాక లీలావతి నవ్వలేదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. "మా అమ్మ కూడా బర్త్‌డేకే పాడింది. ఆమెకి కూడా ఎవరూ చెప్పలేదు" అంది.

మర్నాడు ఉత్తరాన వాయినికోరోకి తీసుకెళ్ళారు. అక్కడ గోవింద్ మేనత్త ఉంది. ఎనభై దాటింది, చూపు లేదు. ఆ ఇంట్లో తెలుగు వచ్చినది ఆవిడ ఒక్కదానికే. మాట్లాడేవాళ్ళు లేక చాలా మాటలు పోయాయి. "నీళ్ళు తాగినారా? మీ ఊళ్ళో చెరుకు ఎవరు కొడతారు?" అని అడిగింది. తరువాత వరాలు చెయ్యి పట్టుకుని, "నువ్వు మాట్లాడు. ఏదైనా మాట్లాడు" అంది. ఏం మాట్లాడాలో తెలియక వరాలు పొద్దున్న వండిన పప్పు ఎలా వండిందో మొదటి నుంచీ చెప్పింది. ఆవిడ కళ్ళు మూసుకుని తాలింపు దాకా వింది.

కాగితం మీద దారి

ఆ రాత్రి భోజనాలయ్యాక గోవింద్ తను వేసిన పథకం బల్ల మీద పరిచాడు. నోటుపుస్తకంలోంచి చింపిన రెండు కాగితాలు. మొదటిసారి దేశం దాటి వచ్చినవాళ్ళకి కొండదారి ఎలా చూపించాలో నెల రోజులు ఆలోచించాడట. ఒక్కడే రెండుసార్లు పైకి వెళ్ళి చూసొచ్చాడు. పొద్దున్నే బయలుదేరడం. సెయాంగాంగాలో టీ. తరువాత పైన్ చెట్ల మధ్య నుంచి ఎక్కడం. శిఖరం దగ్గర ఆగి కింద సముద్రం చూడడం. అక్కణ్ణుంచి మట్టిరోడ్డు మీదుగా ఒక ఊరికి వెళ్ళి మధ్యాహ్న భోజనం. సాయంత్రానికి సవుసవులో వేడినీటి ఊటలు, ఆ ఊటల్లో కర్రపెండలం ఉడకబెట్టుకుంటారట. వరాలు మోకాళ్ళ నొప్పి గుర్తుపెట్టుకుని ఆ ఊళ్ళో ఒక కుర్చీ ఉందో లేదో కూడా కనుక్కొచ్చాడు.

ఆ ఊరి పేరు నేనిక్కడ రాయను. గోవింద్ భూమికి హక్కుదారులు ఆ ఊరి వంశం వాళ్ళే. మమ్మల్ని వాళ్ళకి చూపించాలనీ, వాళ్ళ ముందు కూర్చోబెట్టి యంగోనా ఇవ్వాలనీ ఆయన కోరిక.

"పైన నేను చలాయించేది. మీరు చూసేది" అన్నాడు గోవింద్.

"ఘాట్ రోడ్డు మీద నన్ను కూర్చోబెట్టి నడపడం నీకే భయంగా ఉంటుంది తమ్ముడూ" అన్నాను నేను. అందరం నవ్వుకున్నాం.

సెయాంగాంగా దాటాక

టీ తాగాక స్టీరింగ్ నేనే అడిగి తీసుకున్నాను. నా లైసెన్సు అక్కడ చెల్లుతుంది. మనలాగే ఎడమవైపు నడుపుతారు. బండి గోవింద్‌ది, వెనక సరుకు వేసుకునే నాలుగు తలుపుల బండి. ఇచ్చే ముందు ఆయన మూడు మాటలు చెప్పాడు.

"ఊరు వస్తే గాడీ ధీరే, నడిచినట్టు. తలకాయ మీద టోపీ తీసేది. హారన్ లేదు. వాళ్ళకి హారన్ అంటే తిట్టినట్టు అన్నా."

సరేనన్నాను.

దారి ఎంత బాగుందో చెప్పాలి. తారురోడ్డుకి రెండు పక్కలా ఎర్రమట్టి గట్లు, వాటి మీద మనిషెత్తు ఫెర్న్ మొక్కలు. మబ్బు మన పక్కనుంచే కిందికి జారుతుంది. పాడేరు ఘాట్‌లో కాఫీ తోటల దగ్గర వచ్చే తడి వాసనే వచ్చింది. గేరు మార్చినప్పుడు బండి ఎక్కడ మూలుగుతుందో, ఎక్కడ తేరుకుంటుందో తెలుస్తుంటే నాకు ఒళ్ళు పులకరించింది. రెండేళ్ళుగా నేను ఎవరికీ పనికిరానివాడిననుకుంటూ ఉన్నాను. గోవింద్ పక్కసీట్లో కూర్చుని, "వాహ్, అన్నా, హాత్ చూడు, హాత్" అంటుంటే ఇంకాస్త వేగం పెంచాను.

మబ్బు మూసుకునుండడంతో శిఖరం దగ్గర సముద్రం కనబడలేదు. తిరిగొచ్చేటప్పుడు చూద్దామని మట్టిరోడ్డులోకి తిప్పాం.

ఊరు ఇంకో కిలోమీటరుందనగా ఎడమవైపుకి తిరిగే మలుపు వచ్చింది. ఎడమన బండరాయి, కుడివైపు లోయ. ముందు ఏముందో కనబడని మలుపు. మన దగ్గరైతే అలాంటి చోట హారన్ కొట్టమని బోర్డే ఉంటుంది. కొట్టకపోతే తప్పు. నేను ఆలోచించలేదు. చెయ్యి దానంతటదే వెళ్ళి నొక్కింది, ఘాట్ మీద కొట్టినట్టు గట్టిగా, పొడుగ్గా.

మలుపు అవతల గుర్రం ఉంది. దాని మీద ఒక ఆడమనిషి, వెనక రెండు గోనెల దుంపలు. మేం తిరిగేసరికి గుర్రం ముందుకాళ్ళెత్తి నిలబడిపోయి ఉంది. బ్రేకు తొక్కాను. బండి ఆగింది. గుర్రం వెనక్కి అడుగేసింది. అక్కడ నేల లేదు. ఆవిడ రోడ్డు మీదికి పడింది, గుర్రం లోయలోకి పోయింది. వెదురుపొద విరుగుతున్న చప్పుడు చాలాసేపు వినబడింది.

బండికీ ఆవిడకీ మధ్య నాలుగు బారల దూరముంది. బండికి గీత కూడా పడలేదు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నేను గుద్దలేదు."

ఎవరూ నన్నడగలేదు. వరాలు అప్పటికే దిగి ఆవిడ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. గోవింద్ పరుగెత్తాడు. నేను స్టీరింగ్ పట్టుకుని ఇంకా అదే మాట అంటున్నాను.

ఆవిడకి యాభై ఏళ్ళుంటాయి. పేరు ఆకనిసి. చెయ్యి వంకరగా వేలాడుతోంది. ఏడవలేదు. లోయవైపు చూస్తూ "కలోకలో, కలోకలో" అంటోంది. కింద నుంచి గుర్రం ఊపిరి వినబడుతోంది.

చప్పుడు విని ఊరివైపు నుంచి ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. నేను కిటికీ అద్దం ఎత్తేశాను. ఎందుకో చెప్తాను. మా ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే పాతవాళ్ళు నేర్పేది ఒకటుంది. ఏదైనా జరిగితే ఆగకు, జనం చేతికి చిక్కకు, తిన్నగా పోలీసు స్టేషన్‌కి పో. వాళ్ళు వచ్చి నన్ను లాగుతారనే అనుకున్నాను. వాళ్ళలో ఒకతను బండి తలుపు తీశాడు. వెనక సీటు తలుపు. ఆకనిసిని ఎత్తి మెల్లిగా కూర్చోబెట్టాడు. రెండో అతను లోయలోకి దిగాడు. నావైపు ఎవరూ చూడలేదు.

గోవింద్ నా పక్కకొచ్చి, "జరుగు అన్నా" అన్నాడు. జరిగాను. ఆయన బండి తిప్పాడు.

ఆసుపత్రి వరండా

లబాసా ఆసుపత్రిలో ఆకనిసికి భుజం ఎముకా, మణికట్టూ విరిగాయన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. దారి పొడుగునా ఆవిడ తల వరాలు ఒళ్ళోనే ఉంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. లోపలికి తీసుకెళ్ళేటప్పుడు ఆవిడ వరాలు చేతిని వదల్లేదు. దాంతో వరాలు కూడా లోపలికి వెళ్ళింది.

వరండాలో బెంచీ మీద నేనూ గోవిందూ కూర్చున్నాం.

"రేపు నేను పైకి పోతాను" అన్నాడు ఆయన. "వాళ్ళ ముందు కూర్చుని మాఫీ అడిగేది. వాళ్ళ రివాజు ఉంది. యంగోనా పెట్టి, తల దించి, వాళ్ళు మాట్లాడే వరకు కూర్చునేది."

"నేను?"

"మీరు మెహమాన్, చుట్టం. రోడ్డు నేను చూపింది, గాడీ నాది. హారన్ నేను కొట్టింది అని చెప్తాను."

ఆ క్షణాన నాకు గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఇది రాయకపోతే మిగిలిందంతా అబద్ధమవుతుంది. నేను వద్దనలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ఊరుకున్నాను. ఆయన భూమి ఎవరిదో నాకు తెలుసు. గడువు ఎప్పుడో తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున్న గుర్రం బతకలేదని పైనుంచి కబురొచ్చింది. గోవింద్ మోకాళ్ళ కింది దాకా వచ్చే సులు కట్టుకున్నాడు. అది ఫిజీవాళ్ళ పంచె. కొత్తగా ఇంకో పెద్ద వేళ్ళ కట్ట తెచ్చాడు. లీలావతి దాని మీద రిబ్బను కడుతోంది. ఆమె ముఖం చూడలేక నేను టీ కప్పు పట్టుకుని మెట్ల మీదికొచ్చాను. వరాలు వెనకే వచ్చింది.

"ఆయన మీ తప్పు నెత్తినేసుకుని ఎల్తన్నాడు" అంది. "మీరిక్కడ కూకుని టీ తాగుతారా?"

"అక్కడ వాళ్ళేం చేస్తారో తెలీదు వరాలూ."

"ఆ అమ్మ నా ఒళ్ళో రెండు గంటలుంది. ఒక్కసారి కూడా తిట్టలేదు. ఆళ్ళ మనుషులు మిమ్మల్ని ఏం చేస్తారు? చేస్తే చెయ్యనీండి." కప్పు నా చేతిలోంచి తీసేసుకుంది. "నేను ఆసుపత్రికెల్లి ఆయమ్మ కాడ కూకుంటాను. మీరెల్లండి."

గోవింద్ పెట్టెలోంచి ఇంకో సులు తీసి నాకిచ్చాడు. దారిలో మళ్ళీ చెప్పాడు, "మీరు కూర్చునేది మాత్రమే. మాట నేను." తలూపాను. అప్పటికి కూడా నేను దేనికి వెళ్తున్నానో నాకు తేలలేదు.

ఆ ఊళ్ళో

మలుపు దగ్గర గోవింద్ బండి చాలా నెమ్మదిగా తిప్పాడు. నేను లోయవైపు చూడలేదు.

ఊరు చిన్నది. పచ్చిక మీద ఇరవై ఇళ్ళు, ఒక చర్చి. ఊరి మొదట్లో బండి ఆపి నడిచాం. పెద్ద ఇంట్లో చాపలు పరిచి ఉన్నాయి. పదిమంది మగవాళ్ళు గోడల వెంట కూర్చుని ఉన్నారు. మేం తలుపు దగ్గరే, కింది వరసలో కూర్చున్నాం. ఎదురుగా పై వరసలో తెల్లజుట్టు పెద్దాయన ఒకరు. ఆయన పక్కన సన్నగా, కళ్ళు ఎర్రబడ్డ మనిషి. అతను ఆకనిసి భర్త, పేరు సిమియోనే అని గోవింద్ చెవిలో చెప్పాడు.

గోవింద్ వేళ్ళ కట్ట ముందు పెట్టి, తల నేలకి తాకేంతగా వంచి వాళ్ళ భాషలో మాట్లాడాడు. చాలాసేపు మాట్లాడాడు. అయిపోయాక ఎవరూ ఏమీ అనలేదు. కట్ట తీసుకోలేదు. మన ఊళ్ళో అయితే ఈ పాటికి కేకలు వినబడేవి. కేకలుంటేనే నాకు తేలికగా ఉండేదనిపించింది.

చివరికి పెద్దాయన తలెత్తి ఫిజీ హిందీలో అడిగాడు. అక్కడి ఫిజీవాళ్ళకి ఆ భాష బాగా వచ్చు.

"హారన్ కౌన్ మారిస్?"

హారన్ ఎవరు కొట్టారని. ఆ మాత్రం హిందీ నాకూ తెలుసు.

"హమ్ మారా" అన్నాడు గోవింద్. తను కొట్టానని.

సిమియోనే గోవింద్‌ని చూశాడు. అతని చూపులో కోపం కంటే, బాగా తెలిసినవాడు చేశాడే అన్న బాధ ఎక్కువగా ఉంది. అది చూశాక నేను కూర్చోలేకపోయాను. చెయ్యెత్తాను, బడిపిల్లవాడిలా. "నహీ. మైనే" అన్నాను. అంతకు మించి హిందీ రాలేదు. తెలుగులోనే చెప్పాను.

"హారన్ నేను కొట్టాను. బండి నేనే నడిపాను. ఈయన వద్దని ముందే చెప్పాడు. అయినా కొట్టాను. పందొమ్మిదేళ్ళు కొండ మీద బస్సు నడిపాను, నాకంతా తెలుసుననుకున్నాను. మీ గుర్రం చచ్చిపోయింది. మీ ఆవిడ చెయ్యి విరిగింది. పైగా నేను గుద్దలేదు అని అరిచాను. ఈయన మీకు అబద్ధం చెప్పింది నా కోసం. ఈయన మీద కోపం పెట్టుకోకండి."

గోవింద్ నావైపు తిరిగి, "అన్నా" అన్నాడు, అంతే. ఈయన ఏమంటున్నాడని పెద్దాయన అడిగాడు. గోవింద్ కొంచెం కొంచెంగా వాళ్ళ భాషలోకి మార్చాడు. అంతా చెప్పాడో లేదో నాకు తెలియదు. నేను డబ్బు తీద్దామని చొక్కా జేబులోకి చెయ్యి పెట్టబోయాను. గోవింద్ నావైపు చూడకుండానే నా మణికట్టు నొక్కి పట్టుకున్నాడు.

అప్పుడు సిమియోనే మాట్లాడాడు. హిందీలో, నాకు అర్థమవాలని ఆగి ఆగి చెప్పాడు. గుర్రానికి నుదుటి మీద తెల్లమచ్చ. అందుకని నక్షత్రం అని పేరు పెట్టారు, కలోకలో అంటే అదే. పద్నాలుగేళ్ళుగా ఉంది. అతని ముగ్గురు పిల్లలూ దాని మీదే నది దాటి బడికెళ్ళారు. అది ఇక లేవదని తెలిశాక నిన్న సాయంత్రం తన చేత్తోనే దాని బాధ తీర్చాడు.

"రాత్రంతా నీ మీద కోపంగా ఉంది" అన్నాడు. "ఇప్పుడూ కొంచెం ఉంది. కానీ నువ్వొచ్చావు."

అతను ముందుకి జరిగి వేళ్ళ కట్టను రెండు చేతులతో తాకి, తనవైపు లాక్కున్నాడు. అందరూ గుల్లగా, లోతుగా చప్పట్లు కొట్టారు. గోవింద్ భుజాలు దిగడం చూసి, ఏం జరిగిందో నాకు తెలిసింది.

యంగోనా కలిపారు. కొబ్బరిచిప్పలో పోసి పెద్దాయనకీ, తరువాత నాకూ ఇచ్చారు. ఒకసారి చప్పట్లు కొట్టి గుక్కలో తాగాలి. బురదనీళ్ళలా ఉంటుంది, నాలుక మొద్దుబారుతుంది. గుర్రం సంగతి తరువాత మాట్లాడుకుందాం, ఈరోజు ఇది అన్నాడు పెద్దాయన. తరువాతి నెలలో, నేను ఇక్కణ్ణుంచి డబ్బు పంపి, గోవిందూ నేనూ కలిసి వాళ్ళకొక గుర్రాన్ని చేర్చాం. దానికి వాళ్ళింకా పేరు పెట్టలేదట. లీజు మాట అక్కడ ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ తేలలేదు. గోవింద్ ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా నేను అడుగుతాను, ఆయన చెరుకు గురించి చెప్తాడు.

భోజనం పెట్టారు. ఉడికించిన చేమదుంపలు, ఆ ఆకే కొబ్బరిపాలతో వండిన కూర. మనం పులుసు పెట్టుకునే చామాకే. ఆ దుంపలు ఆకనిసి గోనెల్లోవేనని తిన్నాక తెలిసింది. నిన్న రోడ్డు మీద చెల్లాచెదురైతే ఏరి తెచ్చారట.

దిగుతూ

సిమియోనే భార్యను చూడడానికి మాతో బయలుదేరాడు. ఒక సంచిలో ఆవిడ బట్టలు, ఒక బైబిలు పెట్టుకున్నాడు. గోవింద్ డ్రైవర్ వైపు తలుపు తియ్యబోతే సిమియోనే ఆపాడు. నన్ను చూపించి ఏదో అన్నాడు.

"మీరు చలాయించాలంట" అన్నాడు గోవింద్.

"నేను నడపను. చెప్పు."

గోవింద్ చెప్పాడు. సిమియోనే విన్నాడు. వెళ్ళి డ్రైవర్ పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. గోవింద్ వెనక ఎక్కాడు. ఇక ఖాళీగా ఉన్నది నా సీటొక్కటే.

మొదటి గేరులోనే ఊరు దాటించాను. మలుపు దగ్గరికి రాగానే సిమియోనే చెయ్యెత్తాడు, ఆపాను. కింద వెదుళ్ళు విరిగిన చోట రాళ్ళు పేర్చి ఉన్నాయి. దిగలేదతను. కిటికీలోంచి చూసి, పెదవులు కదిపి, "చలో" అన్నాడు.

తారురోడ్డు ఎక్కిన కాసేపటికి అతని తల ఒకవైపుకి ఒరిగింది. రాత్రంతా కళ్ళు మూయలేదని తెలుస్తూనే ఉంది. మలుపు తిరిగినప్పుడు తల అద్దానికి కొట్టుకుంది. మెలకువ రాలేదు. ఆ తరువాతి మలుపు నుంచి నేను ముందే వేగం తగ్గించి, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తిప్పాను. పాడేరు ఘాట్ మీద కూడా అంత జాగ్రత్తగా ఎప్పుడూ తిప్పలేదు. వెనక మూడు బళ్ళు చేరాయి. ఒక్కటీ హారన్ కొట్టలేదు. పక్కకి జరిగి వాటికి దారిచ్చాను.

లబాసా చేరేసరికి ఎండ వాలుతోంది. ఆసుపత్రి ముందు చెట్టు నీడన బండి నిలిపాను. వరాలు వరండాలోంచి మమ్మల్ని చూసి మెట్లు దిగుతోంది. గోవింద్ వెనక నుంచి మెల్లిగా, "ఆసుపత్రి వచ్చేసింది అన్నా" అన్నాడు.

సిమియోనే ఇంకా నిద్రలోనే ఉన్నాడు. కదిలే బండిలో పడుకున్నవాళ్ళు బండి ఆగినా లేవరు, ఇంజన్ ఆగితే లేస్తారు. ఇంజన్ అలాగే ఉంచి కూర్చున్నాను.